తిరిగొచ్చాకే అసలు చదువు

జపాను విశ్వవిద్యాలయాల్లో ఏడాది చదివి వచ్చిన భాషా విద్యార్థులకు ఇక్కడి తరగతి గదిలో మళ్లీ కూర్చోవడం తేలికేం కాదు. పంపేటప్పుడు ఉన్న హడావుడి చేర్చుకునేటప్పుడు కనిపించదు. నేర్చుకొచ్చిన భాష నిలుస్తుందా, జారిపోతుందా అన్నది మాత్రం ఆ తర్వాతి ఏడాదిలోనే తేలుతుంది.

జపానులో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. మన దగ్గర వానలతో పాటు మొదలవుతుంది. ఈ రెండు క్యాలెండర్ల మధ్య ఇరుక్కునేది ఎక్స్ఛేంజ్ విద్యార్థి. సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో వెళ్లినవాళ్లు మరుసటి ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో దిగుతారు. అప్పటికి ఇక్కడ తరగతులు మొదలై వారాలు గడిచిపోతాయి. హాస్టల్ గది ఇంకొకరి పేరు మీదికి మారిపోతుంది. తనతో చేరినవాళ్లు చివరి సంవత్సరంలోకో, పట్టా పుచ్చుకుని ఉద్యోగంలోకో వెళ్లిపోయి ఉంటారు. పక్క బెంచీలో కూర్చున్నది నిన్నటిదాకా ‘అక్కా’ అని పిలిచిన జూనియర్. వాళ్లు అడిగేది జపాను గురించి. ఇంట్లోవాళ్లు అడిగేది ఉద్యోగం గురించి. ఆఫీసులో గుమస్తా అడిగేది అటెండెన్స్ గురించి. నేర్చుకొచ్చిన భాషను ఇప్పుడేం చేయబోతున్నావని మాత్రం ఎవరూ అడగరు.

వెళ్లే దారి

జపాను ప్రభుత్వం విదేశీ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇవ్వడం 1954లో మొదలుపెట్టింది. వాటిలో ఒకటి అచ్చంగా భాషా విద్యార్థుల కోసమే. సొంత దేశంలో జపనీస్ భాష, సంస్కృతి ప్రధానాంశంగా డిగ్రీ చదువుతున్నవాళ్లను సుమారు ఏడాదిపాటు అక్కడి విశ్వవిద్యాలయంలో చదివించే పథకమిది. దీని మీద వెళ్లేవాళ్లను పొట్టిగా ‘నిక్కెన్‌సే’ అంటారు. విమాన టికెట్టు ఇస్తారు, ఫీజు ఉండదు, నెలకు 1,17,000 యెన్ల భృతి. రాయబార కార్యాలయం పెట్టే రాతపరీక్ష, ఇంటర్వ్యూ గట్టెక్కాలి. ఇది కాక, రెండు విశ్వవిద్యాలయాలు నేరుగా కుదుర్చుకున్న ఒప్పందాల మీద ఒకటి రెండు సెమిస్టర్లు వెళ్లివచ్చేవాళ్లూ ఉన్నారు.

హైదరాబాదులో ఈ దారి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) నుంచి సాగుతుంది. 1958లో ఇంగ్లీషు బోధన కోసం పుట్టిన ఈ సంస్థ పేరులో 1972లో విదేశీ భాషలు చేరాయి. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఇక్కడా, ఢిల్లీలోని జేఎన్‌యూలోనూ, శాంతినికేతన్‌లోని విశ్వభారతిలోనూ జపనీస్ చదివేవాళ్లు మొదటి సంవత్సరం నుంచే ఆ స్కాలర్‌షిప్పు మీద కన్నేసి ఉంచుతారు. జపాను కూడా తలుపులు బార్లా తెరిచింది. 3 లక్షల మంది విదేశీ విద్యార్థులను రప్పించుకోవాలని 2008లో పెట్టుకున్న లక్ష్యాన్ని 2019లో దాటేసి, 2033 నాటికి 4 లక్షలంటూ మరో గీత గీసుకుంది.

నిక్కెన్‌సే పథకం షరతుల్లో ఒకదాన్ని దరఖాస్తు నింపే తొందరలో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఈ చదువుకు అక్కడ డిగ్రీ ఇవ్వరు. గడువు తీరాక సొంత విశ్వవిద్యాలయానికి తిరిగి వచ్చి, డిగ్రీ ఇక్కడే పూర్తి చేయాలి. అంటే తిరిగి రావడం కూడా పథకంలో భాగమే. వెళ్లే భాగానికి రాయబార కార్యాలయం ఉంది, ఓరియెంటేషన్ ఉంది, సీనియర్ల వాట్సాప్ గ్రూపు ఉంది. వచ్చే భాగానికి ఏమీ లేదు.

అక్కడ వచ్చేది ఏమిటి

జపానులో ఇల్లు కుదిరిన 14 రోజుల్లోగా మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆరోగ్య బీమాలో చేరాలి. బ్యాంకు ఖాతా తెరవాలి. కాలే చెత్త ఏ రోజు, ప్లాస్టిక్ ఏ రోజు, సీసాలు ఏ రోజు బయట పెట్టాలో వీధి వీధికీ ఉండే పట్టిక చదువుకోవాలి. పార్ట్‌టైమ్ పని చేయాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి, అదీ వారానికి 28 గంటలు మించకుండా. పాఠ్యపుస్తకంలో ఆఖరి అధ్యాయాల్లో ఉండే మర్యాద క్రియలు మొదటి వారంలోనే కౌంటర్ అవతలి నుంచి వచ్చి మీద పడతాయి.

వినేవాడి పని కూడా అక్కడ మారుతుంది. మనం కథ వింటూ ఊ కొట్టినట్టు, జపానులో మామూలు మాటల్లో కూడా అవతలివాడి ప్రతి విరామానికీ ‘హాయ్’, ‘ఏఏ’, ‘సో దెసు నె’ అంటూ తల ఆడించాలి. ఊరుకుంటే వినడం లేదనుకుంటారు. ఇది ఏ వ్యాకరణ పుస్తకమూ ఒంటికి పట్టించలేదు, ఏడాది కాపురం పట్టిస్తుంది. తిరిగొచ్చిన పిల్ల ఫోన్లో మేనత్తతో తెలుగులో మాట్లాడుతూ కూడా గోడకేసి తల ఊపుతూ ఉంటే, అది అక్కడి అలవాటే.

వాక్యం కట్టడంలో తెలుగువాళ్లకు కొంత వెసులుబాటు ఉంది. జపనీస్‌లో కూడా క్రియ చివరే వస్తుంది. ‘లో’, ‘కి’, ‘తో’ లాంటివి నామవాచకం తర్వాతే వస్తాయి. ‘నిన్న బజార్లో కొన్న పుస్తకం’ అన్న వరుసను ఉన్నదున్నట్టు అటు దించేయవచ్చు. ఇంగ్లీషు ద్వారా నేర్పే పుస్తకాలు అనవసరంగా తిప్పి తిప్పి చెప్పే చోట తెలుగు పిల్లలు నేరుగా దూకేస్తారు. అందుకే అక్కడ మాట తొందరగా పారుతుంది.

కానీ ధారాళంగా మాట్లాడటం వేరు, భాష పూర్తిగా రావడం వేరు. బార్బరా ఫ్రీడ్ లాంటి పరిశోధకులు 1990ల నుంచి దీన్ని పరిశీలిస్తున్నారు. విదేశంలో గడిపిన సెమిస్టర్ వల్ల మాట వేగం, తడబడకుండా కథనం చెప్పే నేర్పు బాగా పెరుగుతాయి. వ్యాకరణంలో మాత్రం ఇంటి దగ్గరే తరగతిలో కూర్చున్నవాళ్ల కంటే వాళ్లు ముందుంటారన్న హామీ లేదు. తిరిగొచ్చిన విద్యార్థికీ, ఇక్కడి ప్రశ్నపత్రానికీ పేచీ మొదలయ్యేది ఇక్కడే.

చేయి ఆగే చోటు

‘ఐసత్సు’ అంటే పలకరింపు. జపానులో ఏడాది ఉన్నవాళ్లు ఆ మాట వినని రోజు ఉండదు. ఫోన్లో కొట్టాలంటే ఉచ్చారణ ప్రకారం అక్షరాలు నొక్కితే జపనీస్ లిపిలోని కంజీ అక్షరాలు వాటంతటవే తెర మీదికి వస్తాయి, వాటిని ఎంచుకుంటే సరి. అదే మాటను పరీక్ష హాల్లో తెల్ల కాగితం మీద పెన్నుతో రాయాలి. మొదటి కంజీకి 10 గీతలు, రెండోదానికి 9. ఎడమవైపు చెయ్యి గుర్తు రెండింటికీ ఒకటే, అది మూడు గీతలు, అక్కడిదాకా పెన్ను సాఫీగా నడుస్తుంది. ఆ తర్వాత కుడివైపు ఏముండాలో చేతికి తోచదు. ఆ అక్షరాన్ని చూస్తే తిరిగొచ్చిన అమ్మాయి గుర్తుపట్టగలదు, రాయడమే రాదు. నిరుడు ఇదే గదిలో, జపాను మొహం చూడకముందు, తప్పు లేకుండా రాసిన అక్షరమే.

ఇది మన పిల్లల లోపం కాదు. వర్డ్ ప్రాసెసర్లు వచ్చినప్పటి నుంచి జపానువాళ్లే తమ చేతి మరపును ‘వాపురో బాకా’ (వర్డ్ ప్రాసెసర్ మూర్ఖుడు) అని ఎగతాళి చేసుకుంటున్నారు. 2010లో సవరించిన నిత్యవ్యవహార కంజీ పట్టికలో 2,136 అక్షరాలున్నాయి. ‘ఐసత్సు’లోని రెండూ ఆ సవరణలోనే చేరాయి. చదవగలిగితే చాలు, అన్నీ చేత్తో రాయనక్కర్లేదన్న ఆలోచన అక్కడ బలపడింది. మన పరీక్షల్లో మాత్రం చేతిరాతే రాజ్యం. ఏడాది పాటు దినపత్రికలు, బస్సు బోర్డులు, కరెంటు బిల్లులు చదివిన అమ్మాయికి, ఊరు దాటని జూనియర్ కంటే తక్కువ మార్కులు రావచ్చు. అప్పుడు ‘జపాను వెళ్లొచ్చి ఇదేనా’ అన్న మాట వస్తుంది. అది పడ్డవాళ్లలో కొందరు తరగతిలో నోరు విప్పడమే మానేస్తారు. దాంతో అక్కడ సంపాదించిన మాట కూడా వాడకం లేక తుప్పు పడుతుంది.

మరపు లెక్క

మరపు మీద మొదటి కొలతలు 1885లో అచ్చయ్యాయి. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షర సముదాయాలను తానే బట్టీ పట్టి, ఎంత కాలానికి ఎంత పోతుందో లెక్క కట్టాడు. మరిచిపోయామనుకున్నదాన్ని రెండోసారి నేర్చుకోవడానికి తక్కువ సమయం పడుతుందన్నది ఆయన తేల్చిన వాటిలో ముఖ్యమైనది. పూర్తిగా చెరిగిపోయినట్టు కనిపించేది చాలాసార్లు నిజానికి పూర్తిగా చెరగదు.

భాష విషయంలో పెద్ద పరిశీలన హ్యారీ బారిక్‌ది. 1984లో అచ్చయిన అధ్యయనంలో ఆయన 733 మందికి స్పానిష్ పరీక్ష పెట్టాడు. వాళ్లలో అప్పుడే చదువుతున్నవాళ్లున్నారు, చదివి 50 ఏళ్లయినవాళ్లూ ఉన్నారు. మొదటి మూడు నుంచి ఆరేళ్లలో చాలా భాగం పోయింది. ఆ తర్వాత మిగిలినది ఇరవై ముప్ఫై ఏళ్లు చెక్కుచెదరలేదు. ఎవరికి ఎంత మిగిలిందన్నది, వాళ్లు మొదట ఎంత లోతుగా నేర్చుకున్నారన్న దాన్ని బట్టే ఉంది. తక్కువ నేర్చుకుని ఆగిపోయినవాళ్లకు, తమకు వచ్చినదాంట్లో ఎక్కువ వాటా పోయింది.

జపనీస్ మీదే పనిచేసినవారు లిన్ హాన్సెన్. జపానులో మత ప్రచారం చేసి అమెరికాకు తిరిగొచ్చిన యువకుల భాష ఏమవుతోందో ఆమె ఏళ్ల తరబడి గమనించారు. ఆమె బృందం పట్టి చూసిన వాటిలో లెక్క మాటలు ఒకటి. తెలుగులో మనుషులకు ‘ఇద్దరు’, మిగతా వాటికి ‘రెండు’ అంటే సరిపోతుంది. జపనీస్‌లో పెన్సిళ్లు, గొడుగుల్లాంటి పొడవైన వాటికి ఒక ప్రత్యయం, కాగితాల్లాంటి పలచని వాటికి ఇంకొకటి, పుస్తకాలకు, యంత్రాలకు, చిన్న జంతువులకు వేరేవి. పైగా అంకెను బట్టి శబ్దం మారుతుంది. ఒక పెన్సిల్ ‘ఇప్పోన్’, రెండు ‘నిహోన్’, మూడు ‘సంబోన్’. ఇవి నేర్చుకున్న వరుసకు తలకిందులుగా మరుపున పడతాయని ఆ పరిశీలనలో కనిపించింది. ఆఖరున వచ్చినవే ముందు పోతాయి. ఎక్స్ఛేంజ్ విద్యార్థికి ఆఖరున వచ్చినవంటే జపానులో నేర్చినవే కదా! అందుకే తిరిగొచ్చిన తొలి నెలలకు అంత విలువ.

పంపినవాళ్లు మరిచిపోతే

తిరిగొచ్చినవాళ్లను ఏం చేయాలో తెలియని ఇబ్బందిని జపాను స్వయంగా పడింది. ఆ కథలో పెద్ద పాత్ర బొమ్మ ఇప్పుడు అక్కడి 5,000 యెన్ల నోటు మీద ఉంది. 2024 జులైలో వచ్చిన ఆ నోటు మీది ఆవిడ త్సుదా ఉమెకో. 1871లో ఇవాకురా దౌత్య బృందంతో అమెరికా చదువుకు వెళ్లిన అయిదుగురు ఆడపిల్లల్లో అందరికంటే చిన్నది. అప్పటికి ఆరేళ్లు. 1882లో తిరిగొచ్చేసరికి మాతృభాష దాదాపు మరిచిపోయింది, కన్నతల్లితో మాట్లాడటానికే నానా అవస్థ పడింది. పైగా వాళ్లను పంపిన హొక్కైదో అభివృద్ధి శాఖను అదే ఏడాది ఎత్తేశారు. వచ్చిన పిల్లలకు ఏ పని అప్పగించాలో ఎవరికీ తెలియదు. ఆవిడ మళ్లీ జపనీస్ నేర్చుకుని, పాఠాలు చెప్పి, 1889లో మరోసారి అమెరికా వెళ్లి చదివి వచ్చి, 1900లో ఆడపిల్లల ఉన్నత విద్యకు బడి పెట్టింది. అదే నేటి త్సుదా విశ్వవిద్యాలయం.

దాదాపు వందేళ్ల తర్వాత కంపెనీల ఉద్యోగాల మీద విదేశాలకు వెళ్లిన కుటుంబాల పిల్లలు పెద్ద సంఖ్యలో తిరిగొస్తుంటే, ఈసారి జపాను ఏర్పాట్లు చేసుకుంది. ‘కికోకు షిజో’ అనే పేరుతో వాళ్లకు ప్రత్యేక ప్రవేశాలు వచ్చాయి. వాళ్లను చేర్చుకోవడమే ప్రధాన ఉద్దేశంగా టోక్యోలో ఇంటర్నేషనల్ క్రిస్టియన్ యూనివర్సిటీ (ఐసీయూ) హైస్కూలు 1978లో మొదలైంది. అక్కడ పిల్లలు తెచ్చుకున్న భాషను నిలబెట్టడం, పోయిన భాషను పూరించడం రెండూ బడి బాధ్యతలే. మన భాషా విభాగాలు ఆ దేశం నుంచి నేర్చుకోదగ్గ వాటిలో ఇదొకటి.

కాగితాల దగ్గర

ఇక్కడ చిక్కుముడి క్రెడిట్లతో మొదలవుతుంది. అక్కడ చదివిన ‘పఠనం’, ‘వ్యాస రచన’, ‘జపాను సమాజం’ పేపర్లు ఇక్కడి సిలబస్‌లో అదే పేరుతో ఉండవు. పేరు కలవకపోతే లెక్కలోకి రావు. రాకపోతే ఏడాది వెనకబడినట్టే. అసలు సగం సెమిస్టర్‌లో దిగినవాళ్లకు 75 శాతం హాజరు ఎక్కడి నుంచి వస్తుంది?

చట్టపరంగా దారులు తెరుచుకుంటున్నాయి. నమోదైన సంస్థల్లో చదివిన క్రెడిట్లను ఖాతాలో దాచుకునేలా అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలను యూజీసీ 2021లో తెచ్చింది. విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి నడిపే కోర్సులకు 2022లో నిబంధనలు వచ్చాయి. ట్విన్నింగ్ (ఇక్కడి డిగ్రీలో కొంత భాగాన్ని విదేశంలో చదివే) పద్ధతిలో 30 శాతం వరకు క్రెడిట్లు విదేశంలో సంపాదించవచ్చు. అయితే వెళ్లకముందే ఏ పేపరు దేనికి సరిపోతుందో విభాగం రాతపూర్వకంగా తేల్చకపోతే, వచ్చాక విద్యార్థి ఫైలు పట్టుకుని గది గదికీ తిరగాల్సిందే. ఒక పేజీ ఒప్పందంతో పోయే తలనొప్పి ఇది.

అక్కడి చాలా విశ్వవిద్యాలయాల్లో నిక్కెన్‌సే విద్యార్థులు ఏడాది చివర్లో తమకు నచ్చిన అంశం మీద జపనీస్‌లోనే పరిశోధన పత్రం రాస్తారు. ప్రొఫెసర్ల దిద్దుబాట్లతో, ప్రశ్నావళులతో, గ్రంథాలయాల్లో నెలల పాటు కూర్చుని రాసిన పత్రమది. ఇక్కడికి వచ్చాక అది పెట్టె అడుగున పడి ఉంటుంది. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు అదే పునాది కావచ్చు. విభాగం ఒప్పుకుంటే చాలు.

నడిమెట్టు మీద ఉద్యోగం

తిరిగొచ్చిన వెంటనే ఊరించేది కొలువు. జపనీస్ సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీ 1984లో మొదలైంది. 2010 నుంచి ఎన్5 నుంచి ఎన్1 దాకా అయిదు మెట్లు. అన్నీ ఎంచుకునే సమాధానాలే, మాట్లాడే విభాగం లేదు, రాసే విభాగం లేదు. జపానులో ఏడాది ఉన్నందుకు బాగా పెరిగిన నేర్పును ఆ పరీక్ష కొలవనే కొలవదు. అయినా కంపెనీలు చూసేది ఎన్2 ఉందా లేదా అనే. ఆ సర్టిఫికెట్‌కు కాలం చెల్లడం అంటూ లేదు, భాషకు మాత్రం ఉంది.

తెలుగు నేల మీద ఈ అవసరం నిజమైనదే. శ్రీసిటీలో ఇసుజు, కోబెల్కో, డైకిన్ కర్మాగారాలున్నాయి. పటాన్‌చెరు దగ్గర రుద్రారంలో తోషిబా ఉంది. జపాను సహకారంతో ఎదిగిన ఐఐటీ హైదరాబాద్ ఉంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు భాష నేర్పి జపాను ఆసుపత్రులకు పంపుతోంది. అంటే దుబాసీలు కావాలి, అనువాదకులు కావాలి, పాఠం చెప్పేవాళ్లు కావాలి. ‘అమ్మాయ్, ఉద్యోగం చేతిలో ఉండగా ఇంకా చదువెందుకు’ అని నాన్న అడగడంలో తప్పు లేదు. కానీ ఎన్2తో ఆగి, రోజంతా ఒకే రకం మెయిళ్లు తిప్పే పనిలో కూర్చుంటే, భాష ఆ మెయిళ్ల మేరకు కుంచించుకుపోతుంది. బారిక్ లెక్క ప్రకారం, తక్కువ మెట్టు మీద ఆగితే పోయే వాటా ఎక్కువ. ఇంకొక్క మెట్టు ఎక్కి ఆగినవాళ్లకు మిగిలేది అంతకంటే ఎక్కువ.

ఆ మెట్టు ఎక్కినవాళ్లు లేకే మనకు జపాను పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషు మీదుగా వస్తున్నాయి. ‘రైలుబడి’ అనే జపాను పుస్తకం చదివి పెరిగిన తెలుగు పాఠకులకు, జపనీస్ నుంచి నేరుగా తెలుగులోకి తేగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న చిన్నదేం కాదు.

విభాగం చేయగలిగినవి

డబ్బు పెద్దగా అక్కర్లేని పనులే ఇవన్నీ. తిరిగొచ్చినవాళ్లకు విడిగా ఒక పేపరు పెట్టాలి. అందులో సగం పఠనం, సగం చేతిరాత, అనువాదం. మొదటి సంవత్సరం పిల్లలకు వారానికి ఒక సంభాషణ తరగతి వాళ్ల చేత చెప్పించాలి. ‘అక్కా, అదెలా అనాలి’ అని జూనియర్ అడిగినప్పుడు, నోటికి వచ్చినదాన్ని నియమంగా విడమరిచి చెప్పాల్సి వస్తుంది. ధారాళంగా మాట్లాడేవాళ్లకు వ్యాకరణం కుదురుకునేది అక్కడే. జూనియర్లకు లాభం, సీనియర్‌కు అంతకంటే లాభం. ఇక వచ్చిన ప్రతివాళ్లకూ ఒక అధ్యాపకుడు మొదటి వారంలోనే గంటసేపు కూర్చుని, ఏం పెరిగింది, ఏం తగ్గింది అని చూసి రాసి పెట్టుకోవాలి. జబ్బేమిటో చూడకుండా మందు ఇవ్వడం వైద్యంలోనే కాదు, చదువులోనూ కుదరదు.

తొలి ఏడాది ఇలా...

• మన సాయంత్రం 4:30 అంటే జపానులో రాత్రి 8. అక్కడి స్నేహితులతో వారానికి ఒక వేళ ఖాయం చేసుకోండి. ‘వీలున్నప్పుడు’ అనుకుంటే రెండు నెలల్లో మాటలు నిలిచిపోతాయి.

• రోజుకు అర పేజీ పెన్నుతో రాయండి. ఫోన్లో మీరు పంపిన సందేశాలనే కాగితం మీద మళ్లీ రాసినా చాలు.

• అఓజొరా బుంకో అనే ఉచిత డిజిటల్ గ్రంథాలయంలో కాపీహక్కులు తీరిన జపనీస్ సాహిత్యం ఉంది. చిన్న కథలతో మొదలుపెట్టండి.

• అక్కడ రాసిన పత్రం, తరగతి నోట్సు, మార్కుల పత్రాలు, సిలబస్ నకళ్లు వచ్చేముందే సేకరించుకోండి. క్రెడిట్ల దగ్గర పనికొస్తాయి.

• ఎన్2 వచ్చినా ఎన్1 తేదీ పెట్టుకోండి. జులై, డిసెంబరుల్లో జరిగే పరీక్షే చదువుకు గడువు అవుతుంది.

• నెలకు ఒక కథనమైనా, కథైనా తెలుగులోకి దించండి. రెండు భాషలూ పదునెక్కుతాయి.

‘జపాను వెళ్లొచ్చావుగా, ఏదీ రెండు ముక్కలు మాట్లాడు’ అని చుట్టాలు అడుగుతారు. ఆ రెండు ముక్కలు ఎలాగూ వస్తాయి. అయిదేళ్ల తర్వాత రెండు వందల పేజీలు చదివి, అర్థం చేసుకుని, నలుగురికి చెప్పగలగడం అసలు పరీక్ష. విద్యార్థిని పంపిన రోజున విభాగం నోటీసు బోర్డు మీద పేరు రాస్తుంది. తిరిగొచ్చిన రోజున టైంటేబుల్లో పేరు రాస్తే ఆ స్కాలర్‌షిప్పుకు పూర్తి న్యాయం జరుగుతుంది.